ఏడు వేల లోపు ఎయిర్ రైఫిల్: కోతులకు, ఎలుకలకు పనికొస్తుందా? ఫస్ట్ ఇంప్రెషన్స్

"అన్నా, తక్కువ రేటులో ఎయిర్ గన్ ఒకటి చూపించు, చేను కాడ కోతులను తోలాలి, ఇంట్లో ఎలుకలు ఎక్కువైనయ్" అని చాలామంది అడుగుతున్నారు. సరే, తెచ్చాను. ఇదిగో, టేబుల్ మీద ఉంది. రూ.6,800 పడింది. పెల్లెట్ల డబ్బా ఇంకో రూ.350. నా డబ్బులతోనే కొన్నాను, ఎవరూ పంపించింది కాదు. కంపెనీ పేరు మీద స్టిక్కర్ అతికించాను, అది కావాలనే. ఈ రేటులో దొరికేవన్నీ దాదాపు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. నేను చెప్పేది ఆ మొత్తం రకం గురించి అనుకోండి.

మూడు రోజులు వాడాను, ఇంచుమించు నూట యాభై పెల్లెట్లు కొట్టాను. కాబట్టి ఇది పూర్తి రివ్యూ కాదు, చేతికి తీసుకోగానే ఏం అనిపించిందో అది.

ముందు లైసెన్స్ సంగతి. కింద మొదటి ప్రశ్న అదే వస్తుంది, నాకు తెలుసు. మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు 4.5 మిల్లీమీటర్లు, అంటే పాయింట్ 177 దాటకుండా, పెల్లెట్ బయటికి వచ్చేటప్పటి శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. రెండూ ఉండాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే కుదరదు. పాయింట్ 22 అంటే 5.5 మిల్లీమీటర్లు, దానికి లైసెన్స్ కావాలి. మీరు యూట్యూబ్‌లో చూసే ఇంగ్లిష్ వీడియోల్లో, పొలంలో కుందేళ్లను, పావురాలను కొట్టేవాళ్ల చేతుల్లో చాలాసార్లు ఆ పాయింట్ 22లే ఉంటాయి. వాళ్ల చట్టాలు వేరు, వాళ్ల జంతువులు వేరు. అది చూసి ఇది కొంటే మోసపోతారు. కొనేటప్పుడు నన్ను ఆధార్, అడ్రస్ ప్రూఫ్ అడిగారు, ఇచ్చాను. అడగకుండా ఇచ్చే షాపు ఉంటే దాని జోలికి పోవద్దు. పద్దెనిమిది నిండని తమ్ముళ్లు ఈ వీడియో చూసి ఊరుకోండి.

ఇప్పుడు బండి ఎలా ఉందో చూద్దాం. దీన్ని బ్రేక్ బ్యారెల్ అంటారు. బ్యారెల్‌ను ఇలా మధ్యలోకి వంచితే లోపల పెద్ద స్ప్రింగ్ నొక్కుకుపోయి లాక్ అవుతుంది. పెల్లెట్ పెట్టి, బ్యారెల్ మళ్లీ పైకి మూసి, ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగ్ వదులుకుంటుంది, పిస్టన్ ముందుకు దూకుతుంది, ఆ గాలి పెల్లెట్‌ను తోస్తుంది. గ్యాస్ సిలిండర్ లేదు, బ్యాటరీ లేదు. సైకిల్ పంపు లాంటిదే, కాకపోతే ఒక్క దెబ్బలో.

వంచడానికి బలం కావాలి. మొదటి ఇరవై సార్లు సరదాగా ఉంటుంది, యాభై దాటేసరికి భుజం పట్టేస్తుంది. ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. బ్యారెల్ వంచి ఉండగా, పెల్లెట్ పెడుతుండగా, రెండో చెయ్యి బ్యారెల్‌ను వదలకూడదు. లాక్ జారితే బ్యారెల్ చట్టుక్కున మూసుకుంటుంది. మధ్యలో వేలు ఉంటే వేలు పోతుంది. చవక రైఫిల్స్‌లో ఆ లాక్ మీద నాకు అంత నమ్మకం లేదు. అందుకే బ్యారెల్‌ను మోకాలి మీద ఒత్తిపట్టి పెడుతున్నాను.

చెక్క భాగం, అంటే భుజానికి ఆనించే స్టాక్, ఫోటోలో చూసినంత బాగా లేదు. పాలిష్ కింద పుట్టీ కనిపిస్తోంది. స్క్రూలు అరవై షాట్లకే లూజ్ అయ్యాయి, మళ్లీ బిగించాను. స్ప్రింగ్ గన్‌లో ఇది మామూలే. వెనక్కి ఒక కుదుపు, వెంటనే ముందుకు ఒక కుదుపు, రెండు వైపులా అదురుతుంది. అందుకే మామూలు స్కోప్ పెడితే కొన్నాళ్లకే పాడవుతుంది, ఎయిర్ గన్‌కు తయారుచేసిందే పెట్టాలి. ట్రిగ్గర్ చాలా గట్టి. నొక్కుతూ నొక్కుతూ పోతే ఎక్కడ పేలుతుందో తెలీదు. ఈ మొత్తంలో నాకు బాగా నచ్చనిది ఏదంటే అదే. బ్యారెల్ మాత్రం లోపల శుభ్రంగా ఉంది, గీతలు సరిగ్గా పడ్డాయి. రూ.6,800కు అది మంచి మాటే.

మొదటి పదిహేను ఇరవై షాట్లు పొగ వచ్చింది, కొంచెం పటాసు వాసన కూడా. భయపడకండి. ఫ్యాక్టరీలో పూసిన నూనె లోపలి వేడికి కాలడం అది. కానీ ఇది చూసి "ఇంకొంచెం నూనె పోస్తే ఇంకా గట్టిగా కొడుతుంది" అని కొబ్బరినూనె, డీజిల్ పోసే మేధావులు ఉన్నారు. సీల్ కాలిపోతుంది, స్ప్రింగ్ విరుగుతుంది. పైగా శక్తి హద్దు దాటితే లైసెన్స్ లేని ఆయుధం అవుతుంది. వద్దు. పెల్లెట్ లేకుండా ఉత్తినే పేల్చడం కూడా వద్దు. ముందు గాలి దిండు ఉండదు కాబట్టి పిస్టన్ వెళ్లి ఇనుముకు గుద్దుకుంటుంది.

ఇక డబ్బా మీద రాసింది. "1000 ఎఫ్‌పీఎస్" అని ఎర్ర అక్షరాలతో పెద్దగా ఉంది. సెకనుకు వెయ్యి అడుగులు, అంటే 305 మీటర్లు. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే చాలామంది ఈ నంబరు చూసే కొంటున్నారు.

లెక్క సింపుల్. శక్తి అంటే సగం బరువు ఇంటూ వేగం, ఇంటూ వేగం. టెన్త్‌లో చదివిందే. మామూలు సీసం పెల్లెట్ అర గ్రాము ఉంటుంది. అర గ్రాము నిజంగా 305 మీటర్ల వేగంతో పోతే శక్తి 23 జౌల్స్ దాటుతుంది. 20 దాటితే లైసెన్స్ కావాలి కదా? మరి లైసెన్స్ లేకుండా ఎట్లా అమ్ముతున్నారు? రెండే దారులు. ఆ వేగాన్ని బాగా తేలికైన, సీసం కాని పెల్లెట్‌తో కొలిచి ఉండాలి. లేదంటే ఆ నంబరు ఉత్త అలంకారం. రెంటిలో ఏదైనా మీరు కొట్టే పెల్లెట్‌కు ఆ వేగం రాదు.

నేను కొలిచాను. వేగం కొలిచే మిషన్ నా దగ్గర లేదు, ఫోన్ ఉంది. మీరూ చేయొచ్చు, చూడండి. పది మీటర్ల దూరంలో ఒక రేకు డబ్బా పెట్టాను, దాని వెనక ఇసుక మూట. ఫోన్‌ను నాకు, డబ్బాకు సరిగ్గా మధ్యలో, పక్కకు జరిపి గోడ వారగా పెట్టి వాయిస్ రికార్డింగ్ ఆన్ చేశాను. మధ్యలో ఎందుకంటే, గన్ శబ్దం, డబ్బా శబ్దం రెండూ ఫోన్‌కు సమాన దూరం నుంచి రావాలి. అప్పుడు ధ్వని వేగం లెక్కలోంచి ఎగిరిపోతుంది. రికార్డింగ్‌ను ఏదైనా ఆడియో ఎడిటింగ్ యాప్‌లో తెరిచి సాగదీస్తే రెండు శిఖరాలు కనిపిస్తాయి, టప్ అని ఒకటి, టంగ్ అని ఒకటి. వాటి మధ్య సమయమే పెల్లెట్ ప్రయాణించిన సమయం.

పది షాట్లకు సగటున 46 మిల్లీసెకన్లు వచ్చింది. పది మీటర్లను దాంతో భాగిస్తే సెకనుకు 217 మీటర్లు. అర గ్రాముకు దాదాపు 12 జౌల్స్. ఇది పది మీటర్ల సగటు, బ్యారెల్ మూతి దగ్గర ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది, కానీ 305 దరిదాపుల్లో కూడా లేదు. నాకైతే ఇది చెడ్డ వార్త కాదు. 12 జౌల్స్ టార్గెట్ కొట్టుకోవడానికి చాలా ఎక్కువ. ఇంగ్లండ్, వేల్స్‌లో లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ రైఫిల్ పరిమితే 12 ఫుట్ పౌండ్లు, అంటే సుమారు 16 జౌల్స్. దాంతోనే అక్కడి రైతులు ఎలుకలు కొడతారు. చెడ్డ వార్త ఏంటంటే డబ్బా మీద అబద్ధం రాయడం.

గురి సంగతి. బల్ల మీద సంచి పెట్టి, దాని మీద చెయ్యి పెట్టి, చేతి మీద రైఫిల్‌ను ఊరికే ఆనించి కొట్టాను. దీన్ని గట్టిగా పట్టుకుంటే గురి చెడుతుంది, ఇది కొత్తవాళ్లకు నమ్మబుద్ధి కాదు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు వదులుగా పట్టుకోవాలి. పది మీటర్లలో, డబ్బాతో వచ్చిన మొన ఉన్న పెల్లెట్లతో అయిదు షాట్లు ఒక నిమ్మకాయంత వెడల్పులో పడ్డాయి. విడిగా కొన్న చదును తల పెల్లెట్లతో పది రూపాయల బిళ్లంతకు వచ్చింది. రైఫిల్ అదే, చెయ్యి అదే, పెల్లెట్ మారింది, అంతే. ఇరవై మీటర్లకు పోతే మాత్రం మంచి పెల్లెట్లతోనూ టీ సాసర్ అంత అయింది. ముప్పైలో కాగితం మీద తగలడమే గొప్ప.

ఆ టీ సాసర్‌ను గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు అసలు విషయానికొద్దాం.

కోతులు. మా మామ వాళ్లది రెండెకరాల మక్క చేను. కంకి పాలు పట్టే టైమ్‌కు గుంపు దిగిందంటే సాయంత్రానికి నాలుగు సాళ్లు ఖాళీ. తినేది తక్కువ, విరిచి పారేసేది ఎక్కువ. పగలంతా ఒక మనిషి చేను కాడే ఉండాలి, కూలి ఎవరిస్తారు? మామే నాతో "ఆ గన్నొకటి తేరా, రెండు తగిలితే మళ్లీ రావు" అన్నాడు. ఆయన బాధ నాకు తెలుసు. కోతులు ఉన్న ఊరు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. సిటీలో కూర్చుని "పాపం మూగజీవాలు" అని కామెంట్ పెట్టడం తేలిక.

అయినా మామకు ఇది ఇవ్వలేదు. ఎందుకో చెప్తాను.

పెల్లెట్ సెకనుకు సుమారు వంద మీటర్ల వేగం దాటితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. కంటికైతే అందులో సగం కూడా అక్కర్లేదు. ఇది 217తో కొడుతోంది. బట్టల సబ్బు మీద కొట్టి చూశాను, లోపలికి పోయి ఇరుక్కుంది. అంటే కోతికి "చురుక్కుమని పారిపోతుంది" అనేది ఉండదు. సీసం లోపలికి పోతుంది. అలాగని ఒక్క దెబ్బకు చంపేంత శక్తీ లేదు. ఏడెనిమిది కిలోల జంతువు, కదులుతూ ఉంటుంది, ముప్పై మీటర్లలో మనకు కాగితమే సరిగా తగలట్లేదు. ఏం జరుగుతుంది? పొట్టలోనో, దవడలోనో, కంట్లోనో గాయమై చెట్టెక్కుతుంది. నాలుగైదు రోజులు చీము పట్టి చస్తుంది, లేదా బతికి కుంటుతుంది. దెబ్బ తిన్న కోతి ఊళ్లోకి వస్తే పిల్లలను, ముసలివాళ్లను కరవడం మీరు చూసే ఉంటారు. గుంపు ఏమైనా తగ్గిందా? తగ్గలేదు. రెండు రోజులాగి వస్తుంది. గన్ చేతిలో ఉన్నప్పుడు రాదు, లేనప్పుడు వస్తుంది. వాటికి ఆ మాత్రం తెలివి ఉంది.

చట్టం సంగతి కూడా. ఏ జాతి కోతి ఏ షెడ్యూల్లో ఉందనే వాదన పక్కన పెట్టండి, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం అన్నింటికీ ఉంది. నెమలి జాతీయ పక్షి, ఒకటో షెడ్యూల్, దాని మీద గురిపెట్టడమంటే జైలుకు దారి వేసుకోవడమే. చిలకలు జామతోటను నాశనం చేస్తాయి, నిజమే, కానీ అవీ రక్షిత పక్షులే. "కాకులు, గబ్బిలాలు కొట్టొచ్చు కదా, అవి లిస్టులో లేవు" అని ఒకాయన అడిగాడు. అది పాత మాట. వన్యప్రాణి చట్టంలో అయిదో షెడ్యూల్ అని ఉండేది, హానికర జంతువులని కాకులు, పండ్లు తినే గబ్బిలాలు, ఎలుకలు అందులో ఉండేవి. 2022 సవరణతో ఆ షెడ్యూలే తీసేశారు. ఎవరైనా కొట్టొచ్చు అనే జాబితా ఇప్పుడు లేదు. ఇంకొకటి, వేట అంటే చంపడమొక్కటే కాదు, గాయపరచడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. పక్కింటివాళ్ల కుక్కకు తగిలిందనుకోండి, అది భారతీయ న్యాయ సంహిత 325, అయిదేళ్ల దాకా ఉంది. "గన్నుకు లైసెన్స్ అక్కర్లేదు" అంటే "దేన్నైనా కొట్టడానికి లైసెన్స్ ఉంది" అని కాదు. ఈ రెండూ కలిపేసి మాట్లాడేవాళ్లే ఎక్కువ.

అడవి పందికి పనికొస్తుందా అని అడిగినవాళ్లకు ఒక్క ముక్క. దాని తోలు మీద ఇది గులకరాయి. తర్వాత అది మీ మీదికి వస్తే పరుగెత్తడానికి చెట్టు చూసుకోండి.

ఇక ఎలుకలు. శక్తి ప్రకారం చూస్తే ఈ రైఫిల్ సైజుకు సరిపోయే జంతువు ఏదైనా ఉందంటే అదే. కానీ ఇల్లు ఎట్లా ఉంటుంది? సిమెంటు గోడ, రేకు తలుపు, బియ్యం డ్రమ్ము. గురి తప్పితే పెల్లెట్ ఎగిరి ఎటు వస్తుందో తెలీదు. రాత్రిపూట, టార్చి వెలుతురులో, కదిలే ఎలుక తల బొటనవేలి గోరంత ఉంటుంది. ఒక రాత్రికి ఒకటి కొడతారేమో. ఇంట్లో ఉన్నది ముప్పై. రూ.150 బోనులో ఉల్లిపాయ పకోడీ ముక్క పెట్టి చూడండి, వారంలో ఈ రైఫిల్ కంటే ఎక్కువ పడతాయి. చేను గట్ల మీద అయితే బొరియల్లో పొగ పెట్టడం, బుట్టలు పెట్టడం, ఊరంతా ఒకే రోజు మందు ఎర పెట్టడం. డెల్టాలో వరి రైతులకు ఇది నేను చెప్పేదేం లేదు, వాళ్లే నాకు చెప్తారు.

మరి కోతులకు ఏం చేయాలి? "గన్ వద్దంటివి, ఇంకేదో చెప్పు" అంటారు కదా. పూర్తి మందు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా చూడలేదు. మామ చేను చుట్టూ సోలార్ ఫెన్సింగ్ వేయించాడు, కింద తీగలు దగ్గర దగ్గరగా. చెట్టు కొమ్మలు ఫెన్సింగ్ మీదికి వాలకుండా కొట్టేయాలి, లేకపోతే పైనుంచి దూకుతాయి. ఒక కుక్కను పెంచాడు. కొంత ఆగాయి, పూర్తిగా కాదు. ఊరు కలిసి పట్టించి తరలించడం ఇంకో దారి. నిర్మల్ దగ్గర 2020లో కోతుల పునరావాస కేంద్రం పెట్టారు, అక్కడ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదులుతారు. ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు, పంచాయతీ కదలాలి.

పాతకాలంలో మంచె ఎక్కి వడిసెల తిప్పేవాళ్లు. రాయి తగలకపోయినా ఆ తాడు చప్పుడుకే పిట్టలు లేచేవి. అదెందుకు గుర్తొచ్చిందంటే, ఈ ఎయిర్ రైఫిల్‌కు చప్పుడు కూడా పెద్దగా లేదు. బెదిరించడానికి కొనేవాళ్లకు ఇదే పెద్ద లోటు. అలాగని పీవీసీ పైపు కార్బైడ్ గన్ జోలికి మాత్రం వెళ్లకండి. కోతులను తోలడానికని మొదలైందే అది. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో దాంతో ఎంతమంది పిల్లల కళ్లు దెబ్బతిన్నాయో వార్తల్లో చూశారు. పేలలేదేంటి అని పైపులోకి తొంగిచూసినప్పుడే పేలుతుంది.

అంటే ఈ రైఫిల్ కొనొద్దా? టార్గెట్ ప్రాక్టీస్‌కు కొనుక్కోవచ్చు. అందుకు బాగానే ఉంది, నిజం చెప్పాలంటే నేను అనుకున్నదానికంటే బాగుంది. శ్వాస ఆపి, ట్రిగ్గర్ మెల్లగా లాగి, అయిదు పెల్లెట్లు ఒకే చోట పడితే ఆ మజా వేరు. కాకపోతే వెనక సరైన అడ్డం ఉండాలి. అట్టపెట్టెలో పాత బట్టలు కుక్కి, దాని వెనక ఇసుక మూట పెట్టండి. ఇటుక గోడ, చెట్టు, సీసా వద్దు. గురి తప్పిన పెల్లెట్ వందల మీటర్లు పోతుంది, మిద్దె మీద నుంచి కొడితే ఎవరింట్లో పడుతుందో మీకు తెలీదు. కళ్లద్దాలు పెట్టుకోండి. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా అన్నానికి కూర్చోవద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే పెల్లెట్లు ఒకచోట, రైఫిల్ ఒకచోట, రెండింటికీ తాళం. రోడ్డు మీద భుజాన వేసుకుని రీల్ చేయాలనుకునేవాళ్లకు ఒక మాట: దూరం నుంచి చూసేవాడికి ఇది ఎయిర్ గన్నో అసలు గన్నో తెలీదు, పోలీసులకూ తెలీదు. తీసుకెళ్తే కవర్లో పెట్టి తీసుకెళ్లండి.

మామకు ఈ మాటలన్నీ చెప్తే "మరి నువ్వెందుకు కొన్నవ్ రా" అన్నాడు. వీడియో కోసం మామా అన్నాను. నమ్మలేదు.

అయిదు వందల పెల్లెట్లు అయ్యాక స్ప్రింగ్ ఎంత మెత్తబడిందో ఇదే ఫోన్ పద్ధతిలో మళ్లీ కొలిచి పెడతాను, ఎయిర్ గన్ స్కోప్ కూడా ఒకటి తెప్పిస్తున్నాను. అంతకంటే ముందు, మన దగ్గర దొరికే నాలుగు రకాల పెల్లెట్లను పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మీ ఊళ్లో కోతులకు ఏ ఉపాయం పనిచేసిందో కింద రాయండి, మామకు చదివి వినిపిస్తా. ఉంటాను మరి.